గ్యాలరీలోని కేకలు

స్నాతకోత్సవ సభలో ప్రేక్షకులు నిశ్శబ్దంగా కూర్చోవాలనీ, పేర్లన్నీ చదివాకనే చప్పట్లు కొట్టాలనీ అధికారులు కోరుతుంటారు. ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయమని చాలామంది అభిప్రాయం. నా దృష్టిలో ఇది హక్కులకు సంబంధించిన విషయం కూడా. ఆ సభలో ఎవరికి చోటుంది? ఎవరి పేరు పలుకుతారు? ఈ ప్రశ్నలు వేసుకోకుండా చప్పట్ల మంచిచెడ్డలు తేల్చలేము. ఇందుకు కేంబ్రిడ్జి చరిత్రే నిదర్శనం.

అక్కడి సెనేట్ హౌస్ గ్యాలరీ విద్యార్థుల అల్లరికి పేరుపడింది. 1877లో డార్విన్‌కు గౌరవ పట్టం ఇచ్చిన రోజున వాళ్లు కోతిబొమ్మను వేలాడదీశారు. 1880లో షార్లట్ అంగస్ స్కాట్ గణిత పరీక్షలో ఎనిమిదవ స్థానానికి సమానంగా నిలిచింది. స్త్రీ కాబట్టి ఆమె పేరు జాబితాకు ఎక్కలేదు. సభకు రానివ్వలేదు. ఎనిమిదవ పేరు చదివే వేళ గ్యాలరీ అంతా 'స్కాట్ ఆఫ్ గిర్టన్' అని కేకలు వేసింది. నియమం దాచిన సత్యాన్ని అల్లరి బయటపెట్టింది. మరుసటి ఏడు స్త్రీలు పరీక్షలకు కూర్చోవడం నిబంధనలకెక్కింది. 1890లో ఫిలిప్పా ఫాసెట్ ప్రథముణ్ణి మించిందని ప్రకటించినప్పుడూ హర్షధ్వానాలు మిన్నుముట్టాయి.

ఇంతవరకే చూసి విద్యార్థులు స్వభావతః అభ్యుదయవాదులని నిర్ణయిస్తే పొరపాటు. 1897లో స్త్రీలకు డిగ్రీ బిరుదులు ఇచ్చే తీర్మానం వచ్చింది. సెనేట్ హౌస్ ఎదుట విద్యార్థులు సైకిలెక్కిన స్త్రీ దిష్టిబొమ్మను వేలాడగట్టి ఎగతాళి చేశారు. తీర్మానం భారీ ఆధిక్యంతో ఓడింది. 1921లో బిరుదులు మాత్రమే దక్కాయి; ఆ రాత్రి పురుష విద్యార్థులు న్యూనమ్ కళాశాల గేట్లను ధ్వంసం చేశారు. పూర్తి డిగ్రీలకు 1948 దాకా ఆగవలసివచ్చింది. పరపాలనలో ఉన్న కలకత్తాలో చంద్రముఖీ బసు, కాదంబినీ గంగూలీ 1883లోనే పట్టభద్రులయ్యారు!

పదిహేడేళ్లలో ఈ మార్పు ఎందుకు? ఒక వ్యక్తి ప్రతిభను మెచ్చుకోవడానికి ఖర్చులేదు. డిగ్రీ వెనుకనో విశ్వవిద్యాలయ పాలనలో ఓటు ఉంది, ఉద్యోగాలున్నాయి. ప్రతిభను మెచ్చిన చేతులే అధికారంలో వాటా అడిగేసరికి ముడుచుకున్నాయి.

కనుక చప్పుడును చప్పుడుగా మెచ్చడమూ తప్పే, నిందించడమూ తప్పే. ఇంట్లో మొదటి డిగ్రీ అందుకుంటున్న కూతుర్ని చూసి వెనుక వరుసలోని తల్లి కేక వేస్తే అది సభామర్యాదకు భంగమని నేననుకోను. నేను కోరే మర్యాద ఒక్కటే: తర్వాత పిలిచే బిడ్డ పేరు కూడా అందరికీ వినబడాలి.