సువర్ణగిరి నేలపై పచ్చదనం: పశ్చిమ కర్నూలు గనుల చరిత్ర – ఒక పరిశీలన

పశ్చిమ కర్నూలులో కృష్ణగిరి పరిసరాలకు దూరం కాని ఎర్రగుడి, జొన్నగిరి గ్రామాలు చరిత్రకారులకు రెండు కారణాల వల్ల పరిచితం. ఒకటి అశోకుని శాసనాలు, రెండవది ప్రాచీన బంగారు తవ్వకాలు. బ్రహ్మగిరి శాసనంలోని ‘సువర్ణగిరి’ జొన్నగిరేనని కొందరు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు భావించారు. ఈ చర్చ బంగారం చుట్టూనే సాగింది. తవ్వి వదిలిన నేల సంగతి అందులో చోటు చేసుకోలేదు.

ఎర్రగుడి శిలలపై ఉన్న 14 శాసనాలలో రెండవది మనుషులకూ పశువులకూ పనికివచ్చే ఔషధ మొక్కలను లేనిచోటికి తెప్పించి నాటించడాన్ని, దారుల వెంట చెట్లు పెంచడాన్ని ప్రస్తావిస్తుంది. అది గనులను ఉద్దేశించినది కాదు. అయినా, మొక్క లేనిచోట మొక్క నాటించడం పాలకుని కర్తవ్యమన్న భావన ఈ బంగారు నేలమీదనే లిఖితమై ఉంది.

ఆధునిక గనులు ఆ కర్తవ్యాన్ని చివరి పనిగా వాయిదా వేశాయి. తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో పనిచేసిన కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సైనైడుతో బంగారం తీయగా మిగిలిన 3 కోట్ల టన్నులకు పైగా పొడి గుట్టలుగా నిలిచింది. అందులో సేంద్రియ పదార్థం, నత్రజని అత్యల్పం. కనుక పడిన విత్తనం నిలదొక్కుకోదు, పొడి గాలికి ఊళ్ళమీదికి లేస్తుంది. పైమట్టిని భద్రపరచాలన్న నిబంధన 1988 నియమాలలోనే ఉన్నా, గని మూసివేత ప్రణాళిక, దానికి ఆర్థిక హామీ తప్పనిసరి అయినవి 2003లో. కోలారుకు ఆ నియమం రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

అటువంటి నేలపై పచ్చదనం అసాధ్యం కాదు. వేల్స్‌లోని పాత లోహపు గనుల చెత్తపై సహజంగా బతికిన గడ్డిజాతులను ఆంథొనీ బ్రాడ్‌షా, ఆయన సహచరులు ఎంపిక చేసి, వాటి విత్తనంతోనే అటువంటి నేలలను కప్పవచ్చునని చూపారు. బయటి మొక్కను తెచ్చే ముందు, అక్కడే బతికిన మొక్కను గుర్తించాలన్నది అందులోని పాఠం. అయితే లోహాన్ని ఆకుల్లోకి తీసుకునే మొక్కలు గొర్రెలకూ మేకలకూ మేత కాకుండా చూడటం తప్పనిసరి.

జొన్నగిరి వద్ద ఇటీవల ప్రైవేటు రంగంలో బంగారు గని పనులు మొదలయ్యాయి. కోలారులో చివరన అడిగిన ప్రశ్నను ఇక్కడ మొదటనే అడిగే వీలుంది. ప్రాచీన గుంతల అంచున నేడు పెరుగుతున్న గడ్డి, తంగేడు, తుమ్మల వివరాలను, వాటి స్థానిక నామాలను ఇప్పుడే నమోదు చేయాలి. ఈ పని వృక్షశాస్త్రజ్ఞులది మాత్రమే కాదు. పేర్లు తెలిసినవారు ఊళ్ళలోని పెద్దలు, గొర్రెల కాపరులు. ఆ పేర్లను సేకరించగలిగినది తెలుగు పరిశోధన.