పాతికేళ్ల రైతుబజారు: ధర మన కళ్లెదుటే

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. పంజాబులోని అప్నీ మండీలు వాటికి దారి చూపాయి. ఆ ఏడాదే నవంబరులో తమిళనాడు కూడా ఉళవర్ సందైలు తెరిచింది. పండించినవాడే అమ్మాలి, నడుమ దళారి ఉండకూడదన్నదే వీటి సూత్రం. మన పరవాడ వాళ్లకు అందుబాటులో ఉన్నవి గాజువాక, అనకాపల్లి రైతుబజార్లు.

రైతుబజారులో అమ్మడానికి సాగు చేసేవాళ్లకే గుర్తింపు కార్డు ఇస్తారు. కొట్టుకు అద్దె లేదు. పొద్దున్నే ఎస్టేట్ అధికారి రైతులతో మాట్లాడి ఆనాటి రేటు కడతారు. హోల్‌సేల్ ధరకన్నా కాస్త ఎక్కువ, బయటి చిల్లర ధరకన్నా కాస్త తక్కువ. ఆ రేటు బోర్డు మీదికెక్కుతుంది. వంకాయకు ఈ ధర ఎందుకని అడగాలంటే, జవాబు చెప్పాల్సిన మనిషి అక్కడే ఉంటాడు. ఈ సంస్థ మనకిచ్చిన పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

ఈ పాతికేళ్లలో మన చుట్టుపక్కలంతా మారిపోయింది. విశాఖ ఉక్కు కర్మాగారం 1992లోనే జాతికి అంకితమైంది. 2002లో పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రంలో విద్యుదుత్పత్తి మొదలైంది, తర్వాత ఫార్మాసిటీ వచ్చింది. పొలాలు తగ్గాయి, నెలజీతాలు పెరిగాయి. జీతాలున్న చోటికి పెద్ద కంపెనీల దుకాణాలు వస్తాయి. 2006లో హైదరాబాదులో మొదలైన రిలయన్స్ ఫ్రెష్ లాంటివి ఊరూరికీ పాకాయి. అన్ని సరుకులూ ఒకేచోట దొరకడం, పక్కా బిల్లు, మన పిల్లలకు కొలువులు... ఇవి మంచివే, కాదనను. కానీ అక్కడి ధర ఎక్కడో ప్రధాన కార్యాలయంలో ఖాయమవుతుంది, లాభమూ అక్కడికే పోతుంది. కాంట్రాక్టు కూలీకి జీతం ఆలస్యమైన నెలలో “పడ్డాక ఇద్దువుగాని, పట్టుకెళ్లమ్మా” అని ఖాతా పుస్తకంలో రాసుకునేది మన వీధి కిరాణా కొట్టాయనే.

పెద్ద దుకాణాలు నిలుస్తాయన్న హామీ కూడా లేదు. హైదరాబాదులో 1986లో పుట్టిన త్రినేత్ర 2007లో ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వెళ్లింది. చెన్నైలో పుట్టి దేశమంతా 1,600కు పైగా కొట్లు తెరిచిన సుభిక్ష 2009లో మూతపడింది. 2022లో బిగ్ బజార్ కనుమరుగైంది. చిన్న కొట్లు చచ్చిపోయాక పెద్ద దుకాణమూ తాళం వేసుకుంటే ఊరికి దిక్కెవరు? 2020 కరోనా రోజుల్లో రైతుబజార్లను మైదానాల్లోకి తరలించి, దూరం పాటిస్తూ కూరగాయలు అందించారు. ఊరికి సొంత అంగడి ఎందుకుండాలో అప్పుడు అందరికీ తెలిసింది.

రజతోత్సవం అంటే పొగడ్తలే కాదు. రైతుల పేరు చెప్పుకుని వ్యాపారులు చొరబడుతున్నారన్న ఫిర్యాదు పాతదే. కార్డులు ఏటా పొలం దగ్గరే తనిఖీ చేయాలి. పరిశ్రమలకు భూములిచ్చి మిగిలిన చెక్కలో ఆకుకూరలు పండించుకుంటున్న మన మండలం రైతులకు అమ్ముకునే చోటు, రవాణా ముందుగా దక్కాలి. మనమూ నెల సరుకుల్లో కొన్నయినా వీధి కొట్లో, కూరగాయలు రైతు దగ్గర కొందాం. మన ఊరి ధర మన ఊళ్లోనే తేలాలంటే కొనేవాళ్లూ అక్కడికి వెళ్లాలి.