గరీబుపేట ఎఱ్ఱమణుల పూర్వచరిత్ర

భూమికి వసుంధర యనియు, రత్నగర్భ యనియు పూర్వులు పేరిడిరి. బంగారమునకు గల జాంబూనదమను నామము జంబూనదిని బట్టి వచ్చినది. బంగారమునకును ఏటికిని గల చుట్టఱికము ఆ పేరునందే తెలియుచున్నది. ఇట్టి చుట్టఱికమును చూచుటకు కారేపల్లి వాసులు దూరదేశములకు పోనక్కఱలేదు. తూర్పున కొత్తగూడెము చేరువనున్న గరీబుపేట గుట్టయే చాలును.

ఈ గుట్ట అభ్రకము గల పొరరాతితో నేర్పడినది. ఆ రాతియందు గార్నెట్టు అను ఎఱ్ఱమణులు పొదిగినట్లుండును. యుగయుగములుగా ఎండకు నెండి, వానకు నాని, ఆ రాయి శిథిలమై మన్నగుచున్నది. తేలికయగు మన్నును, అభ్రకపు రేకులను వాననీరు దూరముగా కొనిపోవును. గార్నెట్టు గట్టిది, త్వరగా చివికిపోదు. పైగా నీటికంటె నాలుగురెట్లు బరువు. కావున నది గుట్టయడుగునను, వాగులలో నీటివడి తగ్గు తావులందును నిలిచిపోవును. ఇల్లాలు చేటతో చెఱిగినపుడు ఊక యెగిరిపోయి గింజ నిలుచుట వంటిదే యిదియును.

ఇసుక రేణువు నీటికంటె రెండున్నర రెట్లకు పైగా బరువు. వజ్రము మూడున్నర రెట్లు. బంగారము పందొమ్మిది రెట్లు. ఏటియిసుకలో బంగారు రజను అడుగున చేరుటకు కారణమిదియే. కృష్ణాతీరమున కొల్లూరి వజ్రములును ఇట్లే గులకరాళ్ళ పొరలలో దొరకినవి. అచట స్త్రీలు, బాలురు సహా 60,000 మంది పనిచేయుచుండిరని 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసెను.

గరీబుపేట కథ ఇంకను ప్రాచీనము. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడు, పూర్వము రోమనులతో వర్తకము నడపిన రేవు. 1945లో మార్టిమర్ వీలర్ అచట త్రవ్వకములు జరిపించెను. ఆ రేవున దొరకిన గార్నెట్టు పూసలను శాస్త్రజ్ఞులు గరీబుపేట రాళ్ళతో పోల్చిచూచిరి. రసాయనిక లక్షణములును, మణిలోపల సూదులవలె నుండు సిల్లిమనైటు పోగులును సరిపోలుటచే, ఆ పూసల రాతికి పుట్టిల్లు గరీబుపేటయే యని 2017లో ప్రకటించిరి.

ఆ మన్ను త్రవ్వి, కడిగి, రాళ్ళేఱిన వారి పేరులు మాత్రము దక్కలేదు. త్రికోణమితి సర్వేలో వైద్యుడును, భూగర్భశాస్త్రజ్ఞుడును నగు హెన్రీ వాయిసీ ఈ తావును చూచి, ఇచటి త్రవ్వకమును వర్ణించెను. ఆయన 1824లో మరణించినను ఆ వ్రాత నిలిచినది. రాయి తన పుట్టుకను తానే చెప్పుకొనగలదు. మనుష్యుని మాట వ్రాసి దాచిననే కాని నిలువదు. గ్రామమునకొక గ్రంథాలయము వలయుననుటకు ఇంతకు మించిన కారణమేమి కలదు?