కర్పూరానికి మిరియాలు

కర్పూరం డబ్బాలో నాలుగు మిరియపు గింజలు వెయ్యడం మన ఇళ్ళల్లో ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. వెయ్యకపోతే కొన్నాళ్ళకి డబ్బా మిగులుతుంది, కర్పూరం మిగలదు. మా గోదావరి జిల్లాల చేలల్లో యూరియా కథా అచ్చం ఇంతే!

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టాకి నీళ్ళు కుదిరాయి. బలానికి మాత్రం పశువుల పెంట, జీలుగ, జనుము, పిల్లిపెసర. పాత పొడుగు వరికి అంతకుమించి పెడితే ఒరిగిపోయేది. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐ.ఆర్.8 అనే పొట్టి వరి పండించి, 'మిస్టర్ ఐ.ఆర్.8' అనిపించుకున్నారు. ఈ పొట్టిది బాగా తిని కూడా నిలబడేది. దాంతో యూరియా బస్తాలు మన అరుగులెక్కాయి.

100 కిలోల యూరియాలో 46 కిలోలు నత్రజని. అందులో వరి నోటికందేది తరచు సగం కూడా ఉండదు. మరి మిగతాది ఎవరు తిన్నట్టు?

దొంగలు ఇద్దరు. నిలవ నీళ్ళలో చల్లిన యూరియా కొద్ది రోజుల్లోనే అమ్మోనియా అవుతుంది. పగటి ఎండకి నీటిలో నాచు పెరిగి క్షారగుణం తెస్తుంది; ఆ వేడికి అమ్మోనియా గాలిలోకి లేచిపోతుంది. రెండో దొంగ మరీ గడుసు. చేను పైన పలచని పొరకే గాలి ఆడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు అమ్మోనియాని నైట్రేటు చేస్తాయి. అది గాలాడని అడుగుకి జారగానే, అక్కడి జీవులు అందులోని ప్రాణవాయువు లాక్కుని నత్రజనిని గాలికి వదిలేస్తాయి. అందులో కొంత నైట్రస్ ఆక్సైడై భూమినే వేడెక్కిస్తుంది.

జపాన్‌లో షియోయిరి అనే శాస్త్రవేత్త 1940లలోనే ఈ గుట్టు పట్టి, ఎరువు పైన చల్లకండి, బురదలోకి దించండి అన్నాడు. 1971 నాటికి ఢిల్లీ వ్యవసాయ శాస్త్రజ్ఞులు యూరియాకి వేపపిండి పట్టించి చూశారు. ఆ చేదుకి నైట్రేటు చేసే జీవులు నెమ్మదిస్తాయి. 2015లో దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఇన్నాళ్ళకి మిరియాలు దొరికాయన్నమాట!

అయితే వేప ఆపేది ముఖ్యంగా రెండో దొంగని. మొదటివాణ్ణి ఆపాలంటే నీరు తీసి, బురదపదునులో, కొంచెం కొంచెంగా రెండు మూడుసార్లు వెయ్యాలి. చవకే కదా అని ఒక్కసారే గుమ్మరిస్తే డబ్బు గాలిపాలు. పైరు మెత్తబడి సుడిదోమకి విందు.

అందుకే చేనుకి ఎన్ని బస్తాలు, ఎప్పుడు వేశారని ఇంట్లో ఆడవాళ్ళూ అడగాలంటాను. కర్పూరం డబ్బా మూత మన చేతిలోదేగా, బస్తా మూతి లెక్క మాత్రం మనకెందుకు పట్టదు?