టిమరూ బ్రేక్‌వాటర్: పెరిగిన తీరం, తరిగిన మడుగు

న్యూజిలాండ్ దక్షిణ దీవి తూర్పు తీరంలోని టిమరూకు పందొమ్మిదవ శతాబ్దంలో సహజమైన ఓడరేవు లేదు. ఓడలు బయలు సముద్రంలో లంగరు వేసేవి. సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. ఈ అవస్థ తీర్చడానికి 1878లో బ్రేక్‌వాటర్ నిర్మాణం మొదలైంది. పని సాగుతుండగానే, 1882 మే 14న, బెన్‌వెన్యూ, సిటీ ఆఫ్ పెర్త్ అనే ఓడలు ఒడ్డుకు కొట్టుకుపోయాయి. ఆ ప్రమాదంలో రేవు అధికారి కెప్టెన్ మిల్స్‌తో సహా తొమ్మిదిమంది మరణించారు. గోడ ఎందుకు కావాలో చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఆ గోడ అలలతోపాటు తీరం వెంట నడిచే కంకరనూ ఆపింది. ఇక్కడి అలలు ఎక్కువగా దక్షిణం నుంచి వచ్చి ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. ఎక్కే నీరు రాయిని ఏటవాలుగా పైకి నెడుతుంది. దిగే నీరు దాన్ని వాలు వెంట నేరుగా కిందికి లాగుతుంది. ప్రతి అలకూ రాయి కాస్త ఉత్తరానికి జరుగుతుంది. వైటాకి నది తెచ్చిన కంకర, కోతకు గురయ్యే గట్ల నుంచి రాలిన కంకర అలా ఉత్తరానికి ప్రయాణిస్తాయి.

గోడకు దక్షిణాన ఆ కంకర పేరుకుని కొత్త నేల ఏర్పడింది. గోడ చాటున అలల ఉధృతి తగ్గడంతో కారొలైన్ బే మెత్తని ఇసుకతో నిండి, ఇరవయ్యో శతాబ్దంలో పేరుపొందిన విహారస్థలమైంది. ఉత్తరాన జరిగింది ఇందుకు విరుద్ధం. దక్షిణం నుంచి కంకర అందక వాష్‌డైక్ మడుగును కాచే కంకర గట్టు పలచబడి లోపలికి జరిగింది. మడుగు బాగా కుంచించుకుపోయింది. మావోరీలు వైటారాకావ్ అని పిలిచే ఆ మడుగు ఒకప్పుడు నాయ్ తాహు ప్రజలకు చేపలు, పక్షులు దొరికే చోటు. రేవు లాభాన్ని లెక్కించినవారి పద్దులో వారి నష్టం లేదు.

ఇదే సమస్య మన విశాఖపట్నానికీ ఎదురైంది. అక్కడా ఇసుక నికర ప్రవాహం ఉత్తరానికే. 1933లో ప్రారంభమైన రేవు ముఖద్వారాన్ని కాపాడేందుకు రెండు పాత ఓడలను ముంచి, ఇసుక అక్కడే నిలిచేలా చేసి, దాన్ని తవ్వి ఉత్తర తీరానికి చేర్చే పద్ధతి పెట్టారు. అంటే ఇసుకకు కలిగిన అడ్డును మనిషే దాటించాలి. ఆ తవ్వకం తగ్గినప్పుడల్లా ఆర్.కె. బీచ్ ఆ లోటును చూపిస్తూనే ఉంది.

ఇసుక, కంకర తీరానికి శాశ్వతమైన ఆస్తి కాదు, దాని మీదుగా సాగే రాకపోకలు. ఒకచోట ఆపితే మరొకచోట అప్పు మిగులుతుంది. ఆ అప్పు కట్టేది గోడ కట్టినవారే కానక్కరలేదని టిమరూ చరిత్ర చెబుతోంది.