సిట్రోయెన్ మధ్య ఆసియా యాత్ర

సిట్రోయెన్ మధ్య ఆసియా యాత్ర 1931-32లో మధ్యధరా సముద్ర తీరంలోని బీరూట్ నుండి చైనాలోని పెకింగ్ (నేటి బీజింగ్) వరకు మోటారు వాహనాలపై జరిగిన సాహసయాత్ర. ఫ్రాన్సుకు చెందిన కార్ల తయారీదారు ఆంద్రే సిట్రోయెన్ దీనిని నిర్వహించాడు. యాత్రకు జార్జ్ మరీ హార్ట్ నాయకుడు, లూయీ ఔదువాన్ దుబ్రాయ్ ఉపనాయకుడు. సిరియా, ఇరాక్, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, భారతదేశం, చైనాల గుండా సుమారు 12,000 కిలోమీటర్లు సాగిన ఈ ప్రయాణానికి పది నెలలకు పైగా పట్టింది.

పేరు

ఫ్రాన్సులో ఈ యాత్ర "క్రువాజియేర్ జోన్" అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. క్రువాజియేర్ అంటే ఓడ ప్రయాణం, జోన్ అంటే పసుపు. ఎడారిని సముద్రంతోను, వాహనాల వరుసను ఓడలతోను పోల్చి ఈ పేరు పెట్టారు. అంతకు ముందు ఆఫ్రికాలో జరిపిన యాత్రకు "నల్ల యాత్ర" అని పేరు పెట్టినట్లే, ఆసియా యాత్రకు "పసుపు యాత్ర" అన్నారు. మనుషులను చర్మపు రంగును బట్టి వర్గీకరించిన వలస పాలనా కాలపు ఆలోచన ఈ పేర్లలో కనిపిస్తుంది.

నేపథ్యం

ఆంద్రే సిట్రోయెన్ తన వాహనాలకు ప్రచారం కల్పించడానికి ఎడారి యాత్రలను ఒక మార్గంగా ఎంచుకున్నాడు. 1922 డిసెంబరులో అల్జీరియాలోని తుగుర్త్ నుండి బయలుదేరిన ఆయన వాహనాలు 1923 జనవరిలో టింబక్టు చేరాయి. సహారా ఎడారిని మోటారు వాహనాలు దాటడం అదే మొదటిసారి. తరువాత 1924-25లో అల్జీరియా నుండి మడగాస్కర్ వరకు రెండవ యాత్ర జరిగింది. ఈ రెండింటికీ హార్ట్, ఔదువాన్ దుబ్రాయ్‌లే నాయకత్వం వహించారు.

మూడవ యాత్రను ప్రాచీన పట్టు దారి వెంట జరపాలని నిర్ణయించారు. మొదటి ప్రణాళిక ప్రకారం వాహనాలు సోవియట్ తుర్కిస్తాన్ గుండా వెళ్ళవలసి ఉంది. సన్నాహాలు చాలా దూరం వచ్చిన తరువాత సోవియట్ ప్రభుత్వం అనుమతిని ఉపసంహరించుకొన్నది. అందువలన దారిని దక్షిణానికి మళ్ళించి, ఆఫ్ఘనిస్తాన్, బ్రిటిషు ఇండియాల మీదుగా హిమాలయాలను దాటవలసి వచ్చింది. అంతకు ముందు ఏ మోటారు వాహనమూ ఆ పర్వతాలను దాటి చైనాలో ప్రవేశించలేదు.

వాహనాలు

యాత్రలో వాడినవి ముందు చక్రాలు, వెనుక రబ్బరు పట్టీలు కలిగిన హాఫ్‌ట్రాక్ వాహనాలు. ఈ పట్టీలను రూపొందించిన అడాల్ఫ్ కెగ్రెస్ అంతకు ముందు రష్యా చక్రవర్తి రెండవ నికొలస్ కార్ల విభాగంలో పనిచేశాడు. మంచులో కూరుకుపోకుండా నడిచే కారు కోసం ఆయన చేసిన ప్రయోగమే దీనికి మూలం. పట్టీ వలన వాహనపు బరువు ఎక్కువ నేల మీద పరచుకుంటుంది. అందుచేత ఇసుకలో చక్రం దిగబడే చోట కూడా ఇది ముందుకు సాగుతుంది. అయితే వేగం తక్కువ, ఇంధనం ఖర్చు ఎక్కువ, పట్టీలు త్వరగా అరిగిపోతాయి.

రెండు బృందాలు

యాత్రికులు రెండు బృందాలుగా బయలుదేరారు. ఒక్కొక్క బృందానికి ఏడు హాఫ్‌ట్రాక్‌లు ఉన్నాయి.

* పామీరు బృందం: హార్ట్ నాయకత్వంలో 1931 ఏప్రిల్ 4న బీరూట్ నుండి తూర్పుకు బయలుదేరింది. పురావస్తు శాస్త్రవేత్త జోసెఫ్ హాకిన్, చిత్రకారుడు అలెగ్జాండర్ యాకోవ్లెఫ్, అమెరికాకు చెందిన నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఛాయాచిత్రకారుడు మేనార్డ్ ఓవెన్ విలియమ్స్, చలనచిత్ర దర్శకుడు ఆంద్రే సోవాజ్ ఇందులో ఉన్నారు.
* చైనా బృందం: నౌకాదళ అధికారి విక్టర్ ప్వాన్ నాయకత్వంలో అదే నెలలో తియెన్‌త్సిన్ రేవు నుండి పశ్చిమానికి బయలుదేరింది. భూగర్భ శాస్త్రవేత్త, క్రైస్తవ గురువు తెయార్ ద షార్దాన్ ఇందులో సభ్యుడు. చైనా ప్రభుత్వపు షరతు ప్రకారం చూ మిన్‌యీ నాయకత్వంలో చైనా ప్రతినిధులు కూడా చేరారు. ప్రయాణంలో ఈ రెండు పక్షాల మధ్య తీవ్ర విభేదాలు వచ్చాయి.

బీరూట్ నుండి శ్రీనగర్ వరకు

పామీరు బృందం డమాస్కస్, పాల్మైరా శిథిలాల మీదుగా సిరియా ఎడారిని దాటి బాగ్దాద్ చేరింది. అక్కడి నుండి టెహ్రాన్, మష్హద్, హెరాత్, కాందహార్, ఘజనీ, కాబూల్ నగరాల గుండా ప్రయాణించింది. ఆఫ్ఘనిస్తాన్‌లో అంతకు ముందు నుండే పరిశోధనలు చేస్తున్న హాకిన్‌కు ఆ దేశం బాగా పరిచయం. తరువాత వాహనాలు పెషావర్ మీదుగా భారతదేశంలో ప్రవేశించి, 1931 జూన్‌లో కాశ్మీరు రాజధాని శ్రీనగర్ చేరాయి. ఇంత దూరం వాహనాలు తమ శక్తితోనే వచ్చాయి.

హిమాలయాల దాటింపు

శ్రీనగర్ నుండి గిల్గిత్ వెళ్ళే బాట గుర్రాలు, కంచర గాడిదల కోసం ఏర్పడినది. అది సుమారు 4,200 మీటర్ల ఎత్తున ఉన్న బుర్జిల్ కనుమను దాటుతుంది. ఏడు వాహనాలలో "బంగారు పేడపురుగు", "వెండి నెలవంక" అనే రెండింటిని మాత్రమే ముందుకు తీసుకువెళ్ళారు. దారిలో మేత, వసతి పరిమితం కావడంతో యాత్రికులు చిన్న చిన్న గుంపులుగా విడిపోయి నడిచారు.

కొన్ని చోట్ల బాట వాహనం కన్నా ఇరుకుగా ఉండేది. కూలీలు కొండరాళ్ళను తొలిచి, అంచులను రాళ్ళతో పేర్చి, వంతెనలను బలపరచి దారి చేశారు. ఒక చోట బాట అంచు విరిగి ఒక వాహనం లోయపైకి ఒరిగి నిలిచింది; తాళ్ళతో లాగి దానిని కాపాడారు. మరికొన్ని చోట్ల వాహనాలను పూర్తిగా విడదీసి, ఆ భాగాలను కూలీలు మోసుకుపోయాక తిరిగి బిగించారు. ఈ విధంగా ఆగస్టులో రెండు వాహనాలు గిల్గిత్ చేరాయి.

గిల్గిత్ దాటిన తరువాత వాహనాలకు దారి లేదు. హార్ట్ వాటిని అక్కడే విడిచిపెట్టాడు. బృందం గుర్రాలు, జడల బర్రెలపైన, కాలినడకన హుంజా లోయ గుండా వెళ్ళి, పామీరు కనుమలను దాటి సెప్టెంబరులో కాష్గర్ చేరింది. మోటారు వాహనాలతో హిమాలయాలను పూర్తిగా దాటాలనే లక్ష్యం నెరవేరలేదు.

సింకియాంగ్‌లో నిర్బంధం

చైనా బృందం గోబీ ఎడారి గుండా పశ్చిమానికి వచ్చే సమయానికి సింకియాంగ్ (నేటి షింజియాంగ్) రాష్ట్రంలో అంతర్యుద్ధం నడుస్తున్నది. హామీ ప్రాంతంలో ముస్లిముల తిరుగుబాటు చెలరేగగా, సేనాని మా జోంగ్‌యింగ్ వారికి తోడయ్యాడు. యుద్ధ ప్రాంతాన్ని దాటి ఉరుంచీ చేరిన ప్వాన్ బృందాన్ని గవర్నరు జిన్ షూరెన్ నిలిపివేశాడు. చాలా కాలం జరిగిన సంప్రదింపుల తరువాత కొన్ని వాహనాలు మాత్రం పశ్చిమానికి వెళ్ళగలిగాయి. 1931 అక్టోబరులో ఆక్సు వద్ద రెండు బృందాలు కలుసుకున్నాయి.

ఉరుంచీకి తిరిగి వచ్చిన తరువాత హార్ట్‌కు కూడా వెంటనే అనుమతి లభించలేదు. కార్లు, వైర్‌లెస్ పరికరాలు కానుకగా అందించే ఏర్పాటు జరిగిన తరువాతనే గవర్నరు యాత్రికులను విడిచిపెట్టాడు. అప్పటికి శీతాకాలం ప్రవేశించింది.

గోబీలో శీతాకాలం

తిరుగు ప్రయాణంలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల వరకు పడిపోయింది. ఆపితే ఇంజన్లు గడ్డకట్టుకుపోతాయని వాటిని రాత్రింబవళ్ళు నడుపుతూనే ఉంచారు. దానివలన ఇంధనం మరింత ఖర్చయింది. ఎడారి దారిలో ఇంధన నిల్వలను ముందుగా చేర్చినవి ఒంటెల బిడారులే. 1932 ఫిబ్రవరి 12న యాత్ర పెకింగ్ చేరింది.

అనంతర పరిణామాలు

హార్ట్ ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళలేదు. 1932 మార్చిలో హాంగ్‌కాంగ్‌లో న్యుమోనియాతో మరణించాడు. యాత్రా వృత్తాంతాన్ని జార్జ్ లె ఫెవ్ర్ గ్రంథంగా రాశాడు. సోవాజ్ తీసిన చిత్రం సిట్రోయెన్‌కు నచ్చకపోవడంతో దానిని లియోన్ ప్వారియే చేత తిరిగి కూర్పు చేయించి 1934లో విడుదల చేశారు. అదే సంవత్సరం సిట్రోయెన్ సంస్థ దివాలా తీసి మిషెలిన్ చేతికి వెళ్ళింది. ఆంద్రే సిట్రోయెన్ 1935 జూలైలో మరణించాడు.

ప్రాముఖ్యత

ఈ యాత్రను యంత్రం సాధించిన విజయంగా ప్రచారం చేశారు. కాని కష్టమైన ప్రతి ఘట్టంలోను యంత్రాన్ని ముందుకు నడిపించినవి స్థానికుల శ్రమ, పశువుల బలం, పాలకుల అనుమతి. యాత్రికుల పేర్లు గ్రంథాలకెక్కగా, కాశ్మీరు, గిల్గిత్ కూలీల పేర్లు చాలా వరకు తెలియరాలేదు. మరొక వైపు, విలియమ్స్ ఛాయాచిత్రాలు, యాకోవ్లెఫ్ గీసిన స్థానికుల చిత్రాలు, సోవాజ్ చలనచిత్రం ఆనాటి మధ్య ఆసియా ప్రజల వేషధారణకు, జీవన విధానానికి విలువైన ఆధారాలుగా నిలిచాయి.

బృందం గుర్రాలపై దాటిన పర్వతాలలో గిల్గిత్, కాష్గర్‌లను కలుపుతూ పాకిస్తాన్, చైనాలు కారకోరం రహదారిని నిర్మించాయి. అది 1979లో పూర్తయింది. అయితే వాహనాలు ఎంతో కష్టంతో దాటిన శ్రీనగర్-గిల్గిత్ బాట 1947-48 భారత్-పాకిస్తాన్ యుద్ధంతో రెండుగా చీలిపోయింది. నేడు దానిని నియంత్రణ రేఖ ఖండిస్తున్నది. 1931లో దారి లేని చోట నేడు రహదారి ఉంది. ఆనాడు దారి ఉన్న చోట నేడు రాకపోకలు లేవు.