కళ్ళు కాయలు కాచేదాకా

ఎదురుచూపులకు మన భాషలో ఓ చక్కని మాటుంది - కళ్ళు కాయలు కాయడం. మా నవీపేట్ వైపు పెద్దవాళ్ళు ఇంకో మెట్టు పైకెళ్ళి, ఆ కాయ పండేదాకా కూర్చునేవారు. "మోతిబిందు ఇంకా ముదరలే బిడ్డా, ముదిరినంక తీస్తరు" అని వాడకట్టులో అవ్వలు అనడం నా చిన్నప్పటినుంచీ వింటున్నాను. బోధన్ చెరకు సీమ కదా, ముదరందే కొయ్యరాదన్న లెక్క కంటికీ పట్టించారేమో అనిపించేది. తీరా చరిత్ర తిరగేస్తే, అవ్వల మాటలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ నిజానికి కాలం చెల్లిపోయింది.

మసకబారిన కటకాన్ని సూదితో పక్కకు నెట్టేయడం సుశ్రుతసంహిత నాటి వైద్యం. సంచారవైద్యులు ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఊరూరా తిరిగి ఇదే పని చేశారు. నెట్టగానే వెలుతురు కనబడేది. రోగి సంబరపడి డబ్బిచ్చేవాడు. కన్ను చీము పట్టో, ఒత్తిడి పెరిగో చూపు పోయేనాటికి వైద్యుడు పొరుగూరు దాటేసేవాడు! 1819లో మొదలైన మద్రాసు కంటి ఆసుపత్రిలో పనిచేసిన ఇలియట్ దొర ఇలా చెడిన కళ్ళను చూసి చూసి, ఈ సూదివైద్యం మీద ఏకంగా ఓ పుస్తకమే రాశాడు.

ఫ్రాన్సులో దావియేల్ 1747లో కటకాన్ని బయటికే తీశాడు. అయితే పచ్చి శుక్లం జిగటగా ఉండి, ముక్కలు లోపల మిగిలి వాపు తెచ్చేవి. ముదిరినదైతే శుభ్రంగా వచ్చేది. పైగా ఆపరేషనయ్యాక సోడాబుడ్డి అద్దాలే గతి. కాస్తో కూస్తో కనబడే కన్నును అందుకోసం ఎవరు కోయించుకుంటారు? ముదరడం వెనకున్న కథ ఇదీ.

రెండో ప్రపంచయుద్ధంలో విమానాల ప్లాస్టిక్ పెంకులు పైలట్ల కళ్ళలో దిగబడినా, కన్ను వాటిని ఓర్చుకోవడం లండన్‌లో రిడ్లీ గమనించాడు. 1949లో ఆ జాతి ప్లాస్టిక్ కటకాన్నే కంట్లో అమర్చాడు. 1967లో అమెరికాలో కెల్మన్ శబ్దతరంగాలతో శుక్లాన్ని నలగ్గొట్టి పీల్చేసే పద్ధతి తెచ్చాడు. దీనికి మరీ ముదిరి రాయైన శుక్లంతోనే కష్టం. అవ్వ లెక్క తలకిందులైంది! 1987లో హైదరాబాదులో సినీదర్శకుడు ఎల్.వి. ప్రసాద్ పేరున నేత్రవైద్య సంస్థ వెలిసింది. 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగుతో పరీక్ష పల్లెలకే నడిచొచ్చింది. అయినా 'ముదరాలె' అన్న మాట మాత్రం చావలేదు.

దానివల్ల వచ్చే ముప్పు చిన్నది కాదు. మసకంతా మోతిబిందే కాదు మరి. నీటికాసులు చాలామందిలో నొప్పి లేకుండానే పక్కచూపును కొద్దికొద్దిగా తినేస్తాయి. చక్కెరవ్యాధి కంటి వెనకపొరను దెబ్బతీస్తుంది. శుక్లంతో తగ్గిన చూపు ఆపరేషన్‌తో తిరిగొస్తుంది. నీటికాసులతో పోయింది మళ్ళీ రాదు. పండుతోందని మనం కూర్చున్నది ఏ కాయో డాక్టరు చూసి చెప్పాల్సిందే.

కనుక నిజామాబాదుకో బోధన్‌కో బయల్దేరేటప్పుడు పాత కళ్ళజోడు, మందుల చీటీలు, షుగరు, బీపీ కాగితాలు సంచీలో వేసుకోండి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులుంటే అడక్కముందే చెప్పండి. పసరు పోయించుకున్నా, ఎవరో వాడగా మిగిలిన చుక్కలమందు వేసుకున్నా దాచకండి. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు కంటి ఒత్తిడిని పెంచగలవు. కంటిపాపను పెద్దది చేసే మందు వేస్తే కొన్ని గంటలు ఎండ కళ్ళలో పొడుస్తుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకని బండి మీద ఒంటరిగా పోకుండా ఓ మనిషిని తోడు తీసుకెళ్ళండి. షుగరున్నవాళ్ళు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి వెనకపొర పరీక్ష చేయించుకోవాలి.

డాక్టరు ముందు కూర్చున్నాక "ముదిరిందా సార్?" అని అడగడం మాని, "ఈ మసకకు శుక్లమొక్కటేనా కారణం?" అని అడగండి. ఊరు దాటిపోయిన సూదివైద్యుణ్ణి ఆ మాట అడిగే వీలు మన ముత్తాతలకు లేకపోయింది. మనకుంది.